అవుట్‌డోర్ ఎడ్యుకేషన్ డిగ్రీ: యూనివర్సిటీ పేరు కన్నా ముందు ప్లేస్‌మెంట్ చూడండి

మీ ప్రశ్న శ్రద్ధగా చదివాను. హన్మకొండలో బీఎస్సీ చివరి ఏడాదిలో ఉన్నారు. ఎన్‌సీసీ ‘సి’ సర్టిఫికెట్ ఉంది, ఉత్తరకాశీలో బేసిక్ మౌంటెనీరింగ్ కోర్సు ‘ఎ’ గ్రేడ్‌తో పూర్తి చేశారు. ఇంగ్లండ్‌లో అవుట్‌డోర్ ఎడ్యుకేషన్ చదవాలని, అందులోనూ ఒక ఏడాది ఇండస్ట్రీలో పనిచేసే ప్లేస్‌మెంట్ ఉన్న కోర్సు చేయాలని అనుకుంటున్నారు. ‘కొండలెక్కడానికి డిగ్రీ ఏంటమ్మా, దానికి అప్పెందుకు?’ అని నాన్నగారు అంటున్నారు. ఆ చదువులో ఏం నేర్పుతారు, ప్రాక్టికల్ అనుభవానికి విలువెంత, తర్వాత బతుకుదెరువు ఉంటుందా అని మీరు అడిగారు.

నేను ఇంగ్లండ్‌లోని కొండ ప్రాంతం లేక్ డిస్ట్రిక్ట్‌లో ఈ చదువే చదివి, పిల్లలకు సాహస క్రీడలు నేర్పే అక్కడి సెంటర్లలో కొన్నేళ్లు ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేశాను. ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు స్కూళ్ల పిల్లల్ని క్యాంపులకు తీసుకెళ్లే ఇన్‌స్ట్రక్టర్లకు శిక్షణ ఇస్తున్నాను. రెండు వైపులా చూసినదాన్ని కాబట్టి సూటిగా చెప్తాను. పిల్లలకు నేర్పడం మీకు ఇష్టమైతే ఇది మంచి చదువు. పెద్ద పెద్ద శిఖరాలు ఎక్కడమే లక్ష్యమైతే ఈ డిగ్రీ మీకు అక్కర్లేదు. ఇక అప్పు చేసి వెళ్లి, ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగంతో బ్రిటన్‌లోనే స్థిరపడి ఆ అప్పు తీర్చాలన్నది ప్లాన్ అయితే, దయచేసి వెళ్లకండి. ఎందుకో కింద వివరంగా రాశాను.

చాలామంది దీన్ని క్లైంబింగ్, కయాకింగ్, ట్రెక్కింగ్ నేర్పే కోర్సు అనుకుంటారు. అవన్నీ ఉంటాయి. కానీ ఈ చదువులో అవి పలకా బలపం లాంటివి. వాటితో పిల్లల చేత ఏం రాయిస్తామన్నదే అసలు సబ్జెక్టు. ఒక ఉదాహరణ చెప్తాను. పన్నెండేళ్ల పిల్లలు పదిమంది బండమీద నుంచి రాపెల్లింగ్ (తాడు సాయంతో దిగడం) చేయడానికి వచ్చారు. ఎనిమిదిమంది దిగేశారు. ఒకమ్మాయి అంచు దాకా వచ్చి ఏడుస్తూ నిలబడిపోయింది. కింద నుంచి స్నేహితులు ‘దిగు, దిగు’ అని అరుస్తున్నారు. తాడు కట్టడం వచ్చిన ఎవరైనా ఆ అమ్మాయిని క్షేమంగా కిందికి దించగలరు, అది పెద్ద పనేం కాదు. అయితే బుజ్జగించి దింపాలా, ఇంకో ఐదు నిమిషాలు కూర్చోనివ్వాలా, నడుముకు కట్టిన హార్నెస్ విప్పి వెనక్కి పంపేయాలా? కింద అరుస్తున్న వాళ్లకు ఏం చెప్పాలి? ఆ అమ్మాయి ఈ రోజును ధైర్యం చేసిన రోజుగా గుర్తుంచుకుంటుందా, అందరి ముందు తలదించుకున్న రోజుగానా? దాన్ని తేల్చేది అప్పుడు మీరు తీసుకునే నిర్ణయమే. కార్ల్ రోంకీ అనే అమెరికన్ ‘ఛాలెంజ్ బై చాయిస్’ అనే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. సవాలును పిల్లల ముందు పెట్టాలి, ఎంతవరకు తీసుకోవాలో వాళ్లనే నిర్ణయించుకోనివ్వాలి. చదివినప్పుడు తేలిగ్గా అనిపిస్తుంది, బండ అంచున నిలబడి పాటించాలంటే మాత్రం చాలా సాధన కావాలి.

ఈ ఆలోచనకు చరిత్ర ఉంది. కర్ట్ హాన్ అనే జర్మన్ విద్యావేత్త నాజీల నుంచి తప్పించుకుని బ్రిటన్ చేరి, 1934లో స్కాట్లాండ్‌లో గోర్డన్‌స్టన్ స్కూలు పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, 1941లో, ఓడల కంపెనీ నడిపే లారెన్స్ హోల్ట్‌తో కలిసి వేల్స్ తీరంలోని అబర్‌డోవీలో అవుట్‌వర్డ్ బౌండ్ అనే శిక్షణ పాఠశాల మొదలుపెట్టారు. జర్మన్ టార్పెడోలు తగిలి ఓడలు మునిగినప్పుడు లైఫ్‌బోట్లలో కుర్ర నావికులు త్వరగా ఆశ వదిలేసుకుంటున్నారన్నది హోల్ట్ బాధ. వాళ్లకు ఈత, పడవ నడపడం నేర్పినంత మాత్రాన సరిపోదని, కష్టంలో తన మీద తనకు, పక్కవాడి మీద నమ్మకం నిలబడేలా చేయాలని ఇద్దరూ అనుకున్నారు. ఈ రంగంలో మొదటి నుంచీ కొండ, నది, పడవ అన్నీ సాధనాలే. అమెరికన్ విద్యావేత్తలు జాన్ డ్యూయీ నుంచి డేవిడ్ కోల్బ్ దాకా క్లాసులో చదివే సిద్ధాంతాలు కూడా ఇక్కడికే వస్తాయి. కోల్బ్ 1984లో చెప్పినదాని సారం ఇది: అనుభవం ఒక్కటే చాలదు, దాని గురించి వెనక్కి తిరిగి ఆలోచించాలి, అందులోంచి ఒక అవగాహనకు రావాలి, దాన్ని మళ్లీ ప్రయత్నించి చూడాలి.

ఇన్‌స్ట్రక్టర్ నేర్చుకునేదీ ఇలాగే. ప్లేస్‌మెంట్ విలువ కూడా ఇందులోనే ఉంది.

అనుభవం లేని నాయకత్వం పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్తుందో బ్రిటన్ చాలా బాధపడి తెలుసుకుంది. 1971 నవంబర్‌లో స్కాట్లాండ్‌లోని కేర్న్‌గార్మ్ పీఠభూమి మీద మంచు తుపానులో చిక్కుకుని ఎడిన్‌బరా స్కూలు పిల్లలు ఐదుగురు, వాళ్లతో ఉన్న 18 ఏళ్ల ట్రైనీ ఇన్‌స్ట్రక్టర్ చనిపోయారు. ఆ గుంపును నడిపించిన యువతికి అప్పటికి ఇరవై ఏళ్లు అటూ ఇటూ, ఆమె కూడా ఇంకా కాలేజీలో చదువుతోంది. 1993 మార్చి 22న ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని లైమ్ బేలో కయాకింగ్‌కు వెళ్లిన ప్లిమత్ పిల్లల్లో నలుగురు సముద్రంలో ప్రాణాలు వదిలారు. వెంట ఉన్న ఇన్‌స్ట్రక్టర్లకు ఉన్నది ప్రాథమిక స్థాయి అర్హతే. ఆ సెంటర్ నడిపిన కంపెనీ డైరెక్టర్ జైలుకెళ్లాడు. ఆ పిల్లల తల్లిదండ్రుల పోరాటంతో 1995లో చట్టం వచ్చింది. డబ్బు తీసుకుని 18 ఏళ్ల లోపు పిల్లలకు క్లైంబింగ్, కేవింగ్ (గుహల్లోకి దిగడం), ట్రెక్కింగ్, నీటి క్రీడలు నడిపే సంస్థలకు లైసెన్సు తప్పనిసరి అయింది. ఈ రోజు అక్కడి సెంటర్లో మీరు నింపే ప్రతి ఫారం, సంతకం చేసే ప్రతి లాగ్ వెనుక ఆ పిల్లలు ఉన్నారు. నేను శిక్షణ ఇచ్చే ప్రతి బ్యాచ్‌కీ ఇది మొదటి రోజే చెప్తాను.

మనవాళ్లకు ఇంకా దగ్గరిది చెప్పాలి. 2014 వేసవి గుర్తుందా? మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది, తోడుగా ఖమ్మం జిల్లా అబ్బాయి ఆనంద్ కుమార్. సరిగ్గా రెండు వారాలకు, జూన్ 8న, హిమాచల్‌లో బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. పైనున్న లార్జీ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లు, రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న పిల్లల్ని ఒక్కసారిగా చుట్టుముట్టాయి. నీళ్లు వదిలినవాళ్ల బాధ్యత వాళ్లది, దాని మీద కోర్టులు మాట్లాడాయి. నా వృత్తి వైపు నుంచి నన్ను ఇప్పటికీ వదలని విషయం వేరే ఉంది. పూర్ణ, ఆనంద్ లాంటి గురుకులం పిల్లల్లో వందమందికి పైగా ముందు భువనగిరి గుట్ట మీద శిక్షణ తీసుకున్నారు. వాళ్లలో కొందరు డార్జిలింగ్ వెళ్లారు, మళ్లీ కొందరు లద్దాఖ్ వెళ్లారు, చివరికి ఇద్దరు మిగిలారు. ప్రతి మెట్టులోనూ ఆ పిల్లల్ని గమనిస్తూ ఒక శిక్షకుడు ఉన్నాడు. బియాస్ ఒడ్డున పిల్లల కన్నా ముందు నదిని చూడటం, పైన డ్యామ్ ఉందా, ఒడ్డు ఎటు, ఎటు పరిగెత్తాలి అని ఆలోచించడం తన ఉద్యోగంగా ఉన్న మనిషి కావాలి. అలాంటి మనుషుల్ని తయారు చేసే చదువిది. నాన్నగారికి ఈ మాట చెప్పండి.

ఇప్పుడు డిగ్రీకీ అర్హతలకూ తేడా చెప్తాను, ఇక్కడే మన పిల్లలు ఎక్కువగా పొరబడుతున్నారు. బ్రిటన్‌లో డిగ్రీ పట్టా ఉందని ఎవరూ మీ చేతికి పదిమంది పిల్లల్ని అప్పగించరు. దానికి వేరే సర్టిఫికెట్లు ఉంటాయి, అక్కడివాళ్లు వాటిని ‘టికెట్లు’ అంటారు. కొండల్లో నడిపించడానికి మౌంటెన్ లీడర్, బండల మీద క్లైంబింగ్ చేయించడానికి రాక్ క్లైంబింగ్ ఇన్‌స్ట్రక్టర్, నీటి మీద తెడ్డు పడవలు నేర్పడానికి ప్యాడిల్‌స్పోర్ట్ ఇన్‌స్ట్రక్టర్. మౌంటెన్ లీడర్‌నే తీసుకుందాం. శిక్షణకు వెళ్లే ముందే మీ లాగ్‌బుక్‌లో కనీసం 20 ‘క్వాలిటీ మౌంటెన్ డే’లు ఉండాలి. ఆరు రోజుల శిక్షణ అయ్యాక, అసెస్‌మెంట్‌కు వెళ్లేసరికి అవి 40 కావాలి. వాటితోపాటు ఎనిమిది రాత్రులు టెంట్లో గడిపి ఉండాలి, అందులో సగం జనావాసానికి దూరంగా కొండల్లో. ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ కావాలి. ఆ తర్వాత ఐదు రోజుల అసెస్‌మెంట్, రాత్రిపూట మ్యాప్, కంపాస్‌తో దారి కనుక్కోవడం అందులో భాగం.

క్వాలిటీ డే అంటే ఊరికే కొండెక్కి దిగిన రోజు కాదు. ఐదు గంటలు లేదా అంతకన్నా ఎక్కువ ప్రయాణం ఉండాలి, ప్లాన్ మీరే వేయాలి, కాలిబాట వదిలి నడవాలి, తెలియని ప్రాంతం అయుండాలి, వాతావరణం బాగోని రోజులు కూడా ఉండాలి. గైడ్ వెనక నడిచిన ట్రెక్కులు ఎన్ని ఉన్నా ఇక్కడ పనికిరావు. మీరు ఉత్తరకాశీలో నేర్చుకున్నది మంచు మీద ఎలా నడవాలో, తాడు మీద ఎలా ఉండాలో మీ శరీరానికి నేర్పింది, అది ఎక్కడికీ పోదు. కానీ అక్కడ దారి చూసింది ఇన్‌స్ట్రక్టర్లు. ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా ఎత్తైన స్కాఫెల్ పైక్ 978 మీటర్లే, మన తూర్పు కనుమల్లో అంతకన్నా ఎత్తైన కొండలు చాలా ఉన్నాయి. ఆ ఎత్తు చూసి తేలిగ్గా తీసుకోకండి. దాని పాదంలోని సీత్‌వెయిట్ ఇంగ్లండ్‌లో మనుషులు ఉండే ఊళ్లలో అత్యధిక వర్షం పడే చోటు. పొగమంచులో ఇరవై అడుగుల దూరం కనపడదు. ఐదు డిగ్రీల చలి, గాలి, బట్టలన్నీ తడిసిపోయి ఉండటం, ఈ మూడూ కలిస్తే మంచు లేకపోయినా హైపోథెర్మియా (ఒంట్లో వేడి ప్రమాదకరంగా పడిపోవడం) వస్తుంది. పిల్లలకు ఇంకా త్వరగా వస్తుంది. మాటలు తడబడటం, కాళ్లు తొట్రుపడటం, ఊరికే చిరాకు పడటం దాని మొదటి గుర్తులు. అల్లరి చేస్తున్నాడనుకున్న పిల్లవాడికి నిజానికి చలి ఎక్కి ఉండొచ్చు.

కాబట్టి మంచి కోర్సు అంటే, డిగ్రీ నడుస్తుండగానే ఈ క్వాలిటీ డేల్ని కూడబెట్టుకునే అవకాశం ఇచ్చేది. యూనివర్సిటీ ఏ ఊళ్లో ఉందన్నది అందుకే ముఖ్యం. కంబ్రియా యూనివర్సిటీకి లేక్ డిస్ట్రిక్ట్‌లోని ఆంబుల్‌సైడ్‌లో క్యాంపస్ ఉంది, హాస్టల్ నుంచి నడిచి వెళ్తే కొండే. పిల్లలు రోజులో కొన్ని గంటలు ఆరుబయటే గడపాలని వాదించిన షార్లెట్ మేసన్ 1892లో టీచర్ల శిక్షణ మొదలుపెట్టింది ఆ ఊళ్లోనే. వేల్స్‌లో బ్యాంగర్‌కు స్నోడోనియా కొండలు దగ్గర, ప్లాస్ ఎ బ్రెనిన్ అనే జాతీయ శిక్షణ కేంద్రం ఆ కొండల్లోనే ఉంది. స్కాట్లాండ్‌లో అలాంటిది గ్లెన్‌మోర్ లాడ్జ్. ఎడిన్‌బరాలో అవుట్‌డోర్ ఎడ్యుకేషన్ మాస్టర్స్‌కు మంచి పేరుంది. బ్రిటన్ యూనివర్సిటీలు ఇప్పుడు ఖర్చు తగ్గించుకోవడానికి కోర్సులు కలిపేస్తున్నాయి, మూసేస్తున్నాయి. ఫీజు కట్టే ముందు మీ కోర్సు మీరు చదివినన్నాళ్లూ అదే క్యాంపస్‌లో నడుస్తుందా అని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. టికెట్ల శిక్షణ, అసెస్‌మెంట్ ఖర్చు ఫీజులో కలిసి ఉందా, విడిగా కట్టాలా అన్నది కూడా.

ఇక ప్లేస్‌మెంట్. ‘విత్ ఇండస్ట్రీ ఎక్స్‌పీరియన్స్’ అని బ్రోషర్‌లో రాసిన ప్రతి కోర్సూ ఒకటి కాదు. నేను చూసిన విద్యార్థుల్లో ఒకమ్మాయి వేసవంతా ఒక సెంటర్లో వెట్‌సూట్లు కడిగి ఆరేయడం, జిప్‌లైన్ దగ్గర పిల్లలకు కరాబైనర్ (తాడు కొక్కెం) తగిలించడం, ఈ రెండు పనులే చేసింది. రోజుకు వందసార్లు అదే క్లిప్, అదే మాట. సీజన్ చివర సర్టిఫికెట్ ఇచ్చారు. అదే ఏడాది ఇంకో చిన్న సెంటర్‌కు వెళ్లిన అబ్బాయి తిరిగి వచ్చేసరికి అతని నడకే మారిపోయింది. చినుకు పడితే ముందు పిల్లల చేతులు చూసేవాడు, తర్వాత ఆకాశం చూసేవాడు. ఇద్దరిదీ ఒకే క్లాసు, ఇద్దరూ కష్టపడేవాళ్లే. అబ్బాయి పనిచేసిన చోట అతని పనిని గమనించే మనిషి ఒకరు ఉన్నారు, అమ్మాయికి ఎవరూ లేరు.

మంచి సెంటర్లో ఇలా జరుగుతుంది. మొదటి రెండు మూడు వారాలు పిల్లల్ని మీకు ఇవ్వరు. ఆ సెంటర్ వాడే బండలు, చెరువు, వాగు, ఒక్కో చోటి ప్రమాదాలు చూపిస్తారు. తాడు పని ఒక్కొక్కటీ చేసి చూపిస్తే సంతకం పెడతారు. తర్వాత సీనియర్ పక్కన నీడలా తిరుగుతారు. ఆ తర్వాత సెషన్‌లో సగం మీరు, సగం ఆయన. చివరికి గ్రూపు మీది, ఆయన దూరంగా కూర్చుని నోట్‌బుక్‌లో రాసుకుంటూ ఉంటారు. సాయంత్రం డ్రైయింగ్ రూంలో తడి బట్టలు వేలాడేస్తూ మాట్లాడుకునే ఆ అరగంటలో నేర్చుకున్నది నాకు ఏ లెక్చర్‌లోనూ దొరకలేదు. నా సీనియర్ ఒకావిడ ప్రతి సాయంత్రం అందరినీ ఒకే ప్రశ్న అడిగేది: ‘ఇవాళ మీ గ్రూపులో ఒక్కసారి కూడా నోరు విప్పని పిల్ల ఎవరు?’ ఆ ప్రశ్న వస్తుందని తెలిసినందువల్ల పొద్దున్నుంచే మేం పిల్లల ముఖాలు చూడటం మొదలుపెట్టాం. ఇప్పుడు నా దగ్గర శిక్షణకు వచ్చినవాళ్లను నేనూ అదే అడుగుతున్నాను.

క్లాసులో చదివింది బయట ఎలా మారుతుందో కూడా ఆ ఏడాదిలోనే తెలుస్తుంది. నడకకు ఎంత సమయం పడుతుందో లెక్కగట్టే పద్ధతిని విలియం నైస్మిత్ అనే స్కాటిష్ పర్వతారోహకుడు 1892లో చెప్పారు. ఇప్పుడు దాన్ని గంటకు ఐదు కిలోమీటర్లు, ప్రతి వంద మీటర్ల ఎత్తుకూ పది నిమిషాలు అదనం అని నేర్పుతారు. ఎనిమిది కిలోమీటర్లు, ఐదువందల మీటర్ల ఎక్కుడు అనుకోండి. లెక్క ప్రకారం రెండు గంటల ఇరవై ఆరు నిమిషాలు. పదకొండేళ్ల పిల్లలు గంటకు మూడు కిలోమీటర్లు నడిస్తే గొప్ప. అప్పుడు అది మూడున్నర గంటలవుతుంది. దానిమీద తిండికి ఆగడం, ఊడిన లేసులు, ఒకరి తర్వాత ఒకరికి వచ్చే ఒంటేలు, కాలికి లేచిన బొబ్బ. అన్నీ కలిపితే ఐదు గంటలు. చలికాలంలో అక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. ఆ పేపర్ లెక్కను నమ్మి బయల్దేరిన గ్రూపు చీకట్లో దిగాల్సి వస్తుంది. ప్లేస్‌మెంట్‌లో ఇలాంటి లెక్కలు రోజూ వేసి, సాయంత్రం నిజంగా పట్టిన సమయంతో పోల్చి చూసుకుంటే, ఏడాది తిరిగేసరికి మీ అంచనా చాలావరకు కుదురుతుంది.

అందుకే యూనివర్సిటీలతో మాట్లాడేటప్పుడు ర్యాంకింగుల గురించి కాదు, ఇవి అడగండి. ప్లేస్‌మెంట్‌లో నన్ను ఎవరు గమనిస్తారు, ఎన్ని వారాలకోసారి, రాతపూర్వకంగా ఇస్తారా? యూనివర్సిటీ నుంచి ఎవరైనా వచ్చి చూస్తారా? సెంటర్ మీరే కుదురుస్తారా, నేనే వెతుక్కోవాలా? సెంటర్‌కు లైసెన్సు ఉందా, భద్రతా పద్ధతులు సరిచూసే టెక్నికల్ అడ్వైజర్ ఎవరు? నా సొంత లాగ్‌బుక్ కోసం కొండల్లో తిరగడానికి వారంలో ఖాళీ రోజులు ఉంటాయా? జీతంలోంచి బసకు ఎంత కోస్తారు? ప్లేస్‌మెంట్ ఏడాదికి విదేశీ విద్యార్థి ఫీజు ఎంత? కిందటేడు ప్లేస్‌మెంట్ చేసిన విద్యార్థితో ఒకసారి మాట్లాడించమని కూడా అడగండి. మాట్లాడించడానికి వెనకాడే చోటును నేనైతే వదిలేస్తాను.

వీసా గురించి ఏజెంట్లు మీకు చెప్పనివి కొన్ని ఉన్నాయి. బ్రిటన్ స్టూడెంట్ వీసా మీద చదువు రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. కోర్సులో భాగంగా మార్కులు వేసే ప్లేస్‌మెంట్‌కు మినహాయింపు ఉంది, అది కూడా కోర్సు కాలంలో సగానికి మించకూడదు. ఈ రంగంలో చాలామంది ఫ్రీలాన్స్‌గా, రోజు కూలీ లెక్కన పనిచేస్తారు. స్టూడెంట్ వీసా మీద అది నిషిద్ధం, స్వయం ఉపాధి ఏదీ చేయకూడదు. ఇంకోటి, స్పోర్ట్స్ కోచ్‌గా పనిచేయకూడదన్న నిబంధన కూడా ఆ వీసాలో ఉంది. ఇన్‌స్ట్రక్టర్ పని ఆ నిబంధన కిందికి వస్తుందా అన్నది మీరు చేసే పనిని బట్టి చూడాల్సిన విషయం. కాబట్టి వారాంతపు పని ఏదైనా ఒప్పుకునే ముందు యూనివర్సిటీ వీసా ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి, తోటి విద్యార్థుల మాట మీద వెళ్లకండి. ఒక తప్పటడుగుతో వీసా పోతే చదువు మొత్తం పోతుంది.

చదువయ్యాక గ్రాడ్యుయేట్ వీసా ఉంటుంది. ఇన్నాళ్లూ అది రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు 18 నెలలు మాత్రమే. మీరు ఇప్పుడు చేరినా ఆ 18 నెలల లెక్కలోకే వస్తారు. తర్వాత ఉండాలంటే స్కిల్డ్ వర్కర్ వీసా. 2025 జులై నుంచి దానికి సాధారణ జీతం పరిమితి ఏడాదికి 41,700 పౌండ్లు, పైగా ఉద్యోగం డిగ్రీ స్థాయిదై ఉండాలి. ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగాలు ఎక్కువగా కనీస వేతనానికి దగ్గరలోనే ఉంటాయి. 2025 ఏప్రిల్ నాటి కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు. వారానికి 40 గంటల చొప్పున ఏడాదంతా పనిచేసినా అది పాతిక వేల చిల్లర పౌండ్లు. సీజన్ మార్చి నుంచి అక్టోబర్ వరకే కాబట్టి చాలామందికి ఏడాదంతా పని కూడా దొరకదు. ఈ అంకెల మధ్య దూరం మీ కష్టంతో పూడేది కాదు. అప్పు తీసుకుని వెళ్లకండని మొదట్లోనే అన్నది ఇందుకే.

మరి ఏం చేయాలి? మీ స్థానంలో నేనుంటే ఇలా చేస్తాను. ముందు ఇక్కడే అడ్వాన్స్‌డ్ మౌంటెనీరింగ్ కోర్సు చేస్తాను, మీకు ‘ఎ’ గ్రేడ్ ఉంది కాబట్టి అర్హత ఉంది. అందులోనూ ‘ఎ’ వస్తే మెథడ్ ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్ కోర్సు, అంటే ఎలా నేర్పాలో నేర్పేది. 1954లో మొదలైన డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థ, 1965లో మొదలైన ఉత్తరకాశీ సంస్థ, మనాలీ, పహల్గామ్, అరుణాచల్‌లోని దిరాంగ్, ఎక్కడ సీటు దొరికినా మంచిదే. ప్రభుత్వ సంస్థలు కాబట్టి ఫీజు అందుబాటులో ఉంటుంది, కానీ సీట్ల కోసం చాలా ముందుగా దరఖాస్తు పెట్టాలి. ఈ మధ్యలో రెండేళ్లు స్కూలు పిల్లలతో పని చేయండి. బెంగళూరు, పుణె, హైదరాబాద్‌ల నుంచి స్కూళ్లను క్యాంపులకు తీసుకెళ్లే సంస్థలు ఉన్నాయి. ఇంటర్నేషనల్ స్కూళ్లలో ఈ పనికి పూర్తికాలం ఉద్యోగాలు ఉన్నాయి. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పది ‘బ్యాగ్‌లెస్’ (పుస్తకాల సంచీ లేని) రోజుల గురించి చెప్పింది. దాన్ని నిజంగా అమలు చేయాలనుకునే స్కూళ్లకు మనుషులు కావాలి, నా దగ్గరికే ప్రతి వేసవికీ ‘తెలుగు వచ్చిన అమ్మాయి ఇన్‌స్ట్రక్టర్ ఉందా’ అని ఫోన్లు వస్తాయి. ఆడపిల్లలున్న క్యాంపుకు మహిళా ఇన్‌స్ట్రక్టర్ ఉంటేనే పంపుతామని తల్లిదండ్రులు అంటున్నారు, అందులో న్యాయం ఉంది. ఇది మీకు బలం.

ఆ రెండేళ్ల అనుభవంతో, స్కాలర్‌షిప్ దొరికితే, ఏడాది మాస్టర్స్‌కు వెళ్లండి. అప్పుడు క్లాసులో చెప్పే ప్రతి సిద్ధాంతానికీ మీ దగ్గర ఒక పిల్ల ముఖం ఉంటుంది. ఖర్చు మూడో వంతు, చదువు లోతు ఎక్కువ. తిరిగి వచ్చి స్కూల్లో అవుట్‌డోర్ ప్రోగ్రాం హెడ్‌గానో, శిక్షకురాలిగానో పనిచేయొచ్చు. స్కాలర్‌షిప్ లేకుండానే ఇంట్లో భరించగలిగే స్థోమత ఉండి, తిరిగి వచ్చే ఉద్దేశంతో పూర్తి డిగ్రీకి వెళ్తానంటే మాత్రం సంతోషంగా పంపిస్తాను.

ఇక్కడి సంస్థల్లో చేరేటప్పుడు కూడా పైన రాసిన ప్రశ్నలే అడగండి. మన దగ్గర బ్రిటన్ లాంటి లైసెన్సు చట్టం దేశమంతటికీ లేదు, కాబట్టి జాగ్రత్త మీ మీదే ఉంటుంది. ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమంది పిల్లలు, ఫస్ట్ ఎయిడ్ ఎవరికి వచ్చు, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం, తాళ్లు ఎప్పుడు కొన్నారు, తాడు రికార్డు పుస్తకం ఉందా? మొదటి రోజే ఇరవైమంది పిల్లల్ని మీ ఒక్కరికే అప్పగిస్తే, జీతం ఎంతైనా సరే, మర్యాదగా బయటికి వచ్చేయండి. కొండల్లో పేరున్న సంస్థలకు కూడా ప్రమాదం జరుగుతుంది. 2022 అక్టోబర్‌లో ద్రౌపదీ కా దండా శిఖరం మీద మంచు చరియలు విరిగిపడి మీరు చదివిన సంస్థ ట్రైనీలు, ఇన్‌స్ట్రక్టర్లు పాతికమందికి పైగా పోయారు. మీ బ్యాచ్‌లో ఆ సంగతి మాట్లాడుకునే ఉంటారు. ప్రమాదం పూర్తిగా పోదు కాబట్టే, తగ్గించగలిగిన ప్రతి చోటా తగ్గించి తీరాలి.

ఈ పనిలో జీవితం ఎలా ఉంటుందో కూడా చెప్తాను. ఒళ్లు అలిసిపోతుంది, మోకాళ్లను కాపాడుకోవాలి, పండగలకు ఇంట్లో ఉండటం కష్టం ఎందుకంటే పిల్లలకు సెలవులప్పుడే మనకు పని. ముప్పై ఐదు దాటాక చాలామంది శిక్షణ, మేనేజ్‌మెంట్, టీచింగ్ వైపు వెళ్తారు. డిగ్రీ బాగా అక్కరకొచ్చేది అప్పుడే. ఈ పని వదిలేయాలని మాత్రం నాకు ఎప్పుడూ అనిపించలేదు.

ఫైనల్ పరీక్షలయ్యేదాకా ఊరికే ఉండక్కర్లేదు. ఈ నెల నుంచే లాగ్‌బుక్ మొదలుపెట్టండి: తేదీ, చోటు, ఎంత దూరం, ఎంత ఎత్తు, దారి ఎవరు చూశారు, వాతావరణం, ఏం నేర్చుకున్నారు. టోపోగ్రాఫికల్ మ్యాప్, కంపాస్ తీసుకుని, స్థానికులు తెలిసిన చోట, తోడుతో, అవసరమైన చోట అటవీ శాఖ అనుమతితో నడవడం మొదలుపెట్టండి. ఆదివారాలు భువనగిరి వెళ్లి, మీరు ఎక్కడం తగ్గించి, కొత్తగా వచ్చిన పిల్లలకు బిలే (ఎక్కేవాళ్లు పడకుండా తాడు పట్టుకోవడం) పట్టడంలో సాయం చేయొచ్చా అని అక్కడి శిక్షకులను అడగండి. ఆరు నెలలయ్యాక లాగ్‌బుక్ పేజీలు నాకు పంపండి, ఏ కోర్సుకు, ఎప్పుడు దరఖాస్తు పెట్టాలో అప్పుడు కలిసి చూద్దాం. నాన్నగారికి ఏమైనా అనుమానాలుంటే ఆయన్నే నాతో మాట్లాడమనండి, నాకు సంతోషమే.